పొడవడం, గుచ్చడం, కొట్టడం: ఇంగ్లీషు మాటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో వేలితో పొడిచినా, కత్తితో పొడిచినా, కోడి ముక్కుతో పొడిచినా క్రియ ఒక్కటే. ఇంగ్లీషుకి వెళ్ళేసరికి ఆ ఒక్కటీ నాలుగైదు ముక్కలైపోతుంది, ఏ ముక్క ఎక్కడ వాడాలో తెలియక మనవాళ్ళు అన్నిచోట్లా "హిట్" అనో "బీట్" అనో రాసి పడేస్తారు. నేను చాలాకాలంగా అనువాదాలు చేస్తున్నాను కాబట్టి తెలిసినవాళ్ళు ఈ మాటల గురించి అడుగుతూనే ఉంటారు. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

మనకి "పొడవడం", "కొట్టడం" చాలుతుంటే ఇంగ్లీషులో ఇన్ని మాటలు ఎందుకు?

మనకీ ఆ తేడాలన్నీ తెలుసు, కాకపోతే వాటిని మనం క్రియలో పెట్టం, క్రియ పక్కన పెడతాం. "చెంప మీద చెళ్ళున కొట్టాడు" అంటాం. ఎక్కడ, ఎలా, ఏ చప్పుడుతో అన్నదంతా పక్కమాటల్లో ఉంటుంది, చివర్లో "కొట్టాడు" సాదాగా కూర్చుంటుంది. ఇంగ్లీషువాడు ఆ మొత్తాన్నీ "స్లాప్" అనే ఒక్క క్రియలోకి కుక్కేస్తాడు. "వీపు మీద దభీమని గుద్దాడు" అంటే "థంప్", "తలుపు మీద దబదబా బాదాడు" అంటే "పౌండ్" లేదా "బ్యాంగ్", "తలుపు మెల్లగా తట్టాడు" అంటే "ట్యాప్". అందుకే డిక్షనరీలో వీటన్నిటికీ ఎదురుగా "కొట్టు" అని ఒకే అర్థం కనిపిస్తుంది. అర్థం తప్పు కాదు, అందులో సగమే ఉంది అంతే.

అలాగని తెలుగు పేద భాష అనుకోకండి. మొట్టికాయ, లెంపకాయ, పిడిగుద్దు లాంటి మాటలు మనకి ఉన్నాయి, "మొట్టికాయ"కి ఇంగ్లీషులో ఒక్క మాట దొరకదు, వేళ్ళ కణుపులతో నెత్తి మీద కొట్టడం అని వివరించుకోవాల్సిందే.

మాట ఎంచుకునే ముందు నేను నాలుగు విషయాలు చూసుకుంటాను. దేనితో? లోపలికి దిగిందా లేక పైపైనే తగిలిందా? ఒక్కసారేనా, పదేపదేనా? కావాలని చేసిందా, పొరపాటున తగిలిందా? ఈ నాలుగిటికీ జవాబు ఉంటే మాట దానంతట అదే దొరుకుతుంది.

పోక్, ప్రాడ్, నడ్జ్, జ్యాబ్: ఈ నాలుగింటికీ తేడా ఏమిటి?

ఒక బెలూన్ ఊది ముందు పెట్టుకోండి. చూపుడు వేలితో పొడవండి. వేలు తగిలినచోట సొట్ట పడుతుంది, వేలు తీయగానే మళ్ళీ గుండ్రంగా అయిపోతుంది. అదీ "పోక్". కొసగా ఉన్న దేనితోనైనా, వేలితోనో పెన్నుతోనో పుల్లతోనో చేసే పని అది. మామూలుగా అయితే గాయం ఉండదు, చిరాకు మాత్రం ఉంటుంది.

అదే పనిని ఇంకొంచెం పట్టుదలగా, అవతలిది కదులుతుందా లేదా అని చూస్తున్నట్టు చేస్తే "ప్రాడ్". కదలని పశువుని కర్రతో పొడిచి ముందుకి తోలడం ప్రాడ్. పని చేయని మనిషిని వెంటపడి చేయించడం కూడా ప్రాడే, "ఇంకా ఎంతసేపు" అని పొద్దున్నుంచీ గుర్తుచేస్తూ ఉండడం అన్నమాట. "గుచ్చి గుచ్చి అడిగాడు" అన్నదానికి కూడా ఈ మాట బాగా నప్పుతుంది.

"నడ్జ్" మోచేతి పని. క్లాసులో పక్కవాడు నిద్రపోతుంటే, టీచర్ చూడకుండా మోచేత్తో చిన్నగా తాకి లేపుతాం చూశారా, అది. ఇందులో ఒక రహస్యం, ఒక స్నేహం ఉంటాయి. అందుకే జనాన్ని బలవంతపెట్టకుండా, నెమ్మదిగా ఒక మంచి నిర్ణయం వైపు మళ్ళించడాన్ని అర్థశాస్త్రంలో కూడా నడ్జ్ అనే అంటున్నారు. ఈ ఆలోచనని బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ఒకరైన రిచర్డ్ థేలర్‌కి 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

"జ్యాబ్" వేగం ఉన్న మాట. టక్కున పొడిచి టక్కున వెనక్కి తీసుకోవాలి. బాక్సింగ్‌లో ముందున్న చేత్తో సూటిగా ఇచ్చే చిన్న గుద్దుని జ్యాబ్ అంటారు. బెలూన్‌ని పెన్సిల్ మొనతో జ్యాబ్ చేస్తే మాత్రం అది మిగలదు.

పియర్స్, ప్రిక్, పంక్చర్, స్టాబ్, పెర్ఫరేట్?

ఇవన్నీ లోపలికి దిగే మాటలు. ఎంత లోతుకి దిగింది, దిగాక ఏమైంది అన్నదే తేడా.

"ప్రిక్" అంటే సూదిమొన, ముల్లుమొన. తగిలీ తగలనట్టు గుచ్చుకుంటుంది, ఒక చుక్క రక్తం వస్తే వస్తుంది. షుగర్ టెస్టుకి వేలి కొసన చేసేది ఇదే. ఆ పనికి వాడే చిన్న సూది లాంటిదాన్ని లాన్సెట్ అంటారు. పూర్వం డాక్టర్లు రక్తం తీయడానికి వాడిన చిన్న కత్తి పేరు కూడా అదే, 1823లో లండన్‌లో మొదలైన ప్రసిద్ధ వైద్య పత్రికకి పేరు వచ్చిందీ ఆ కత్తి నుంచే.

"పియర్స్" అంటే ఒక పొరని చీల్చుకుని లోపలికి పోవడం. చెవులు కుట్టించుకోవడం పియర్సింగ్. బాణం కవచాన్ని పియర్స్ చేస్తుంది, వెలుతురు చీకటిని పియర్స్ చేస్తుంది, చెవులు చిల్లులు పడేలా పెట్టే కేక కూడా పియర్సింగే. ఈ గుంపులో కాస్త గంభీరంగా, కవిత్వంలో కూడా ఒదిగేలా ఉండే మాట ఇదొక్కటే అని నాకనిపిస్తుంది.

"పంక్చర్" గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, పంచర్ అని మనం ఎప్పుడో సొంతం చేసుకున్నాం. లోపల గాలో ద్రవమో ఉన్నదానికి చిల్లు పడి అది బయటికి పోతే పంక్చర్. టైరు, బెలూన్, ఊపిరితిత్తి, చివరికి మనిషి గర్వం కూడా పంక్చర్ అవుతుంది. దీని పుట్టుక సరదాగా ఉంటుంది. లాటిన్‌లో గుచ్చడం అన్న అర్థమిచ్చే "పుంగెరె" అనే క్రియ నుంచి వచ్చింది ఇది. పాయింట్, పంక్చుయేషన్, ఆక్యుపంక్చర్, ముక్కుకి ఘాటుగా తగిలే పంజెంట్, ఇవన్నీ అదే కుటుంబం. వేళకి వచ్చేవాణ్ణి పంక్చువల్ అంటాం కదా, అదీ ఇందులోదే. దారిలో బండి పంచర్ అయి లేటుగా వచ్చినవాడికీ, పంక్చువల్ అనే మాటకీ చుట్టరికం ఉండడం నాకు భలే నచ్చుతుంది.

"స్టాబ్" అంటే కత్తిపోటు. మొనదేలిన ఆయుధం, బలం, చాలాసార్లు ద్వేషం కూడా. అందుకే "డాక్టర్ నన్ను సూదితో స్టాబ్ చేశాడు" అని రాస్తే అవతలివాళ్ళు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తారు, నవ్వించడానికి కావాలని అంటే తప్ప.

"పెర్ఫరేట్" అంటే తూట్లు పొడవడం. ఒక వరసలో చిన్నచిన్న చిల్లులు, స్టాంపుల అంచుల్లో ఉంటాయే అలా. డాక్టర్లు మాత్రం ఒక్క చిల్లు పడినా ఈ మాటే వాడతారు, కర్ణభేరికి చిల్లు పడినా పేగుకి చిల్లు పడినా పెర్ఫరేషనే.

ఇంజెక్షన్ పొడిచారు అనడానికి ఏ మాట?

బ్రిటన్‌లో మామూలు మనుషులు "జ్యాబ్" అంటారు, అమెరికాలో "షాట్" అంటారు. కోవిడ్ టీకాల రోజుల్లో జ్యాబ్ అనే మాట ప్రపంచమంతా వినిపించింది. మనం తెలుగులో రాసుకునేటప్పుడు ఇదీ, ఉద్యోగం అనే జాబూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, పలకడంలో మాత్రం తేడా ఉంది, చూసుకోండి. నర్సు ఇంజెక్షన్ చేస్తుంటే పొరపాటున తన చేతికే సూది గుచ్చుకుంటే దాన్ని "నీడిల్‌స్టిక్" గాయం అంటారు. ఇక్కడ స్టిక్ అంటే అంటుకోవడం అని తికమకపడకండి. ఆ క్రియకి పాత అర్థమే గుచ్చడం. గుచ్చితే అక్కడే నిలబడిపోతుంది కాబట్టి తర్వాత్తర్వాత అంటుకోవడం అనే అర్థం వచ్చింది.

దోమ కుట్టింది, తేలు కుట్టింది, ముల్లు గుచ్చుకుంది, ఎద్దు పొడిచింది, పిట్ట పొడిచింది?

దోమకి "బైట్", స్టింగ్ కాదు. తేలుకీ తేనెటీగకీ కందిరీగకీ "స్టింగ్". తెలుగులో దోమా కుడుతుంది, తేలూ కుడుతుంది, అందుకే ఇక్కడ చాలామంది పొరబడతారు. నోటి వైపు నుంచి వచ్చేది బైట్, తోక వైపు నుంచి వచ్చేది స్టింగ్ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది. ముల్లుకి "ప్రిక్". ఎద్దు కొమ్ములతో కుమ్మితే "గోర్". పిట్ట ముక్కుతో పొడిస్తే "పెక్". పెళ్ళాం మాట జవదాటని మొగుణ్ణి ఇంగ్లీషులో "హెన్‌పెక్డ్" అంటారు, అంటే కోడిపెట్ట చేత పొడిపించుకునేవాడు అని. మేకులాంటిదానికి మనిషో వస్తువో గుచ్చుకుని అలాగే ఉండిపోతే "ఇంపేల్".

హిట్, స్ట్రైక్, బీట్. ఎప్పుడు ఏది?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ముందు నా తప్పు చెబుతాను.

ఒకసారి పార్కింగ్‌లో పెట్టిన నా కారుని ఎవరో గుద్దేసి వెళ్ళిపోయారు. వెనక బంపర్‌కి ఎడమ పక్క చెయ్యంత గీత, గీత పొడుగునా అవతలి బండి తెల్లరంగు అంటుకుని ఉంది. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఇంగ్లీషులో మెయిల్ పెడుతూ, ఎవరో నా కారుని "బీట్" చేశారు అని రాశాను. సాయంత్రం ఒకాయన ఫోన్ చేసి, దేనితో కొట్టారు, మీకేమైనా గొడవలున్నాయా, పోలీసులకి చెప్పారా అని వరసపెట్టి అడుగుతున్నాడు. ఆయన బుర్రలో నలుగురు మనుషులు కర్రలు పట్టుకుని నా కారు చుట్టూ నిలబడ్డారు. నేనేమో ఒక్క గీత గురించి మాట్లాడుతున్నాను. పది నిమిషాలు పట్టింది ఆ టెన్షన్ తీరడానికి.

ఎందుకలా అయిందంటే "బీట్"లో పదేపదే అన్న అర్థం ఉంది. డప్పుని బీట్ చేస్తారు, గుడ్డు సొనని గిలక్కొట్టడం కూడా బీట్ చేయడమే, గుండె బీట్ అవుతుంది. మనిషిని బీట్ చేశారంటే చావబాదారని. ఒక్క దెబ్బకి ఈ మాట పనికిరాదు. నేను రాయాల్సింది "హిట్".

"హిట్" అన్నిటికీ పనికొచ్చే మాట. ఒక్క దెబ్బ, కావాలని అయినా పొరపాటున అయినా, చెయ్యైనా బంతైనా కారైనా. ఇది పాత స్కాండినేవియా భాష నుంచి వచ్చింది, అక్కడ దీని అర్థం ఎదురుపడడం, తారసపడడం. ఆలోచన తట్టడాన్ని "హిట్ అపాన్" అనడంలో ఆ పాత అర్థం ఇంకా మిగిలే ఉంది. ఏమీ తోచకపోతే హిట్ వాడండి, తప్పయ్యే అవకాశం తక్కువ.

"స్ట్రైక్" కొంచెం బరువైన మాట, వార్తల్లో, కోర్టు కాగితాల్లో, కథల్లో ఎక్కువ కనిపిస్తుంది. పిడుగు స్ట్రైక్ చేస్తుంది, గడియారం పన్నెండు స్ట్రైక్ చేస్తుంది, అగ్గిపుల్ల స్ట్రైక్ చేసి వెలిగిస్తారు, ఇద్దరు వ్యాపారులు బేరం కుదుర్చుకోవడం కూడా స్ట్రైకే. వీటిలో గడియారానికీ అగ్గిపుల్లకీ బేరానికీ హిట్ పెట్టారంటే వాక్యం కుంటుతుంది. ఎందుకు అంటే కారణం లేదు, అలవాటు. ఇలాంటి జతలని జతలుగానే నేర్చుకోవాలి.

ఆటల్లో "బీట్" అంటే ఓడించడం. మేం వాళ్ళని "వన్" చేశాం అని మనవాళ్ళు తెగ రాస్తుంటారు, అది తప్పు. మ్యాచ్‌ని విన్ అవుతారు, అవతలి జట్టుని బీట్ చేస్తారు.

"డాష్ ఇచ్చాడు" అనొచ్చా?

తెలుగులో హాయిగా అనుకోండి. ఇంగ్లీషులో రాసేటప్పుడు వద్దు. బయటివాళ్ళకి డాష్ అంటే ముందుగా గబగబా పరిగెత్తడమే గుర్తొస్తుంది. బండి బండికి తగిలితే "హిట్" లేదా "రాన్ ఇంటూ". మెల్లగా తగిలితే "బంప్".

స్లాప్, స్మాక్, పంచ్, థంప్, వ్యాక్ లాంటివి వింటుంటేనే చప్పుడులా ఉన్నాయి. నిజమేనా?

చాలావరకు నిజం. స్లాప్ అంటే అరచేతి చప్పుడు, చెళ్ళున మోగేది. స్మాక్ కూడా దాదాపు అదే, పిల్లలకి తగిలేది ఎక్కువగా ఇది. థంప్ అంటే బరువుగా, మందంగా, పిడికిలితో వీపు మీద పడే "దభ్". వ్యాక్ అంటే కర్రతోనో బ్యాటుతోనో ఫెడేల్మని. రాప్ అంటే కణుపులతో టక్‌టక్‌మని. మనం చెళ్ళున, దభీమని, ఫెడీమని, ఠపీమని అంటూ చప్పుడుని విడిగా పలుకుతాం, వాళ్ళు చప్పుడునే క్రియగా మార్చేసుకున్నారు. కాబట్టి ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేటప్పుడు "చెంపపై కొట్టెను" అని చప్పగా రాయకుండా ఆ చప్పుడు మాటని వెనక్కి తెచ్చుకోండి. ప్రాణమంతా అక్కడే ఉంది.

పంచ్ మాత్రం చప్పుడుమాట కాదు. పిడికిలితో గుద్దడం పంచ్, కాగితానికి చిల్లు పెట్టడం కూడా పంచే. గుచ్చడం, కొట్టడం రెండూ ఒకే మాటలో కలిసిన చోటు ఇది.

పనిముట్టుని బట్టి వచ్చేవి ఇంకో రకం. కొరడాతో అయితే విప్, లాష్. బెత్తంతో కేన్. దుడ్డుకర్రతో క్లబ్. సుత్తితో హామర్. పనిముట్టు పేరే క్రియ అయిపోతుంది, వీటికి వేరే సూత్రం ఏమీ లేదు.

"కొట్టు" ఉన్నచోటల్లా వీటిలో ఏదో ఒకటి పెట్టేయొచ్చా?

అయ్యో, వద్దు. మన "కొట్టు" చేయని పని లేదు. ఫోన్ కొడతాం, హారన్ కొడతాం, పెట్రోలు కొట్టిస్తాం, పరీక్షలో కాపీ కొడతాం, ఈత కొడతాం, సినిమా బోర్ కొడుతుంది, గది కంపు కొడుతుంది. ఇందులో ఒక్కదానికీ ఇంగ్లీషులో దెబ్బ ఉండదు. చప్పట్లు కొట్టడం "క్లాప్", గంట కొట్టడం "రింగ్", చెట్టు కొట్టేయడం "కట్", మేకు కొట్టడం అయితే "హామర్" లేదా "డ్రైవ్". తలుపు కొట్టడానికి "నాక్".

హిట్ తర్వాత "ఆన్" పెట్టాలా వద్దా?

ఇక్కడ పరువు పోయే ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చదవండి. "వాడు నా తల మీద కొట్టాడు" అన్నది మనం "హి హిట్ ఆన్ మై హెడ్" అని మక్కికి మక్కీ రాసేస్తాం. ఇంగ్లీషులో ముందు మనిషి రావాలి, తర్వాత దెబ్బ తగిలిన చోటు రావాలి: "హి హిట్ మీ ఆన్ ద హెడ్". కడుపులో అయితే "ఇన్ ద స్టమక్", ముఖానికి అడ్డంగా అయితే "అక్రాస్ ద ఫేస్". హిట్ పక్కనే ఆన్ పెట్టి వెంటనే మనిషి పేరు రాస్తే దాని అర్థం లైన్ వేయడం. ఆఫీసు మెయిల్‌లో ఆ వాక్యం వెళ్ళిందంటే ఇక మీ ఇష్టం.

"యాట్" పెడితే ఇంకో తమాషా. స్టాబ్ అంటే పొడిచాడు, తగిలింది. "స్టాబ్ యాట్" అంటే పొడవబోయాడు, తగిలిందో లేదో తెలియదు. స్ట్రైక్‌కీ కిక్‌కీ కూడా ఇదే వరస. నవలల్లో పోరాటాల దగ్గర ఈ చిన్న మాట చూసుకోకపోతే అనువాదంలో బతికున్నవాణ్ణి చంపేస్తాం. నేను ఒకసారి చంపాను, అదృష్టం కొద్దీ ప్రూఫ్ దశలో లేపగలిగాను.

పాస్ట్ టెన్స్ రూపాలు గుర్తుండడం లేదు, ఏం చేయాలి?

హిట్, హిట్, హిట్. ఏమీ మారదు, థ్రస్ట్ కూడా అంతే. బీట్, బీట్, బీటెన్, కాబట్టి బీటెడ్ అనేది లేదు. స్ట్రైక్, స్ట్రక్, స్ట్రక్. స్టిక్, స్టక్, స్టక్. స్టింగ్, స్టంగ్, స్టంగ్. మిగతావాటిలో చాలావరకు బుద్ధిగా చివర ఈడీ తగిలించుకునేవే. స్టాబ్, జ్యాబ్, ప్రాడ్, స్లాప్, ట్యాప్ లాంటి పొట్టి మాటలకి చివరి అక్షరం రెండుసార్లు రాయాలి, పోక్‌కీ పియర్స్‌కీ అక్కర్లేదు.

"స్ట్రికెన్" అనే రూపం కూడా ఒకటుంది, అది ఇప్పుడు దెబ్బకి కాకుండా ఆపదకి మిగిలింది. కరువు పాలైన, దుఃఖంలో మునిగిన, పేదరికం కాటేసిన అని చెప్పేటప్పుడు ఆయా మాటలకి తోకలా వస్తుంది.

డాక్టర్‌కి నొప్పి చెప్పేటప్పుడు ఏ మాట వాడాలి?

ఈ మాటలు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. కత్తితో పొడిచినట్టు ఉంటే "స్టాబింగ్", సూదులు గుచ్చినట్టు ఉంటే "ప్రికింగ్", బరమాతో తొలిచినట్టు ఉంటే "బోరింగ్" లేదా "డ్రిల్లింగ్". బోరింగ్ అంటే విసుగు కాదండీ, తొలచడం. తల లోపల ఎవరో సమ్మెట వేస్తున్నట్టుంటే "పౌండింగ్", నరం కొట్టుకున్నట్టుంటే "త్రాబింగ్". మన తలపోటు, పంటిపోటు చాలాసార్లు ఈ త్రాబింగే.

ఇదేదో నేను కల్పించింది కాదు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో రొనాల్డ్ మెల్జాక్ అనే శాస్త్రవేత్త నొప్పిని వర్ణించే 78 మాటలని 20 గుంపులుగా పేర్చి, 1975లో ఒక ప్రశ్నాపత్రం ప్రచురించాడు. అందులో ఒక గుంపు మొత్తం ప్రికింగ్ నుంచి మొదలై స్టాబింగ్ దాటుకుంటూ, తీవ్రత పెరిగే వరసలో ఉంటుంది. అంటే రోగి ఏ మాట ఎంచుకున్నాడో చూసి నొప్పి ఎలాంటిదో, ఎంతో అంచనా వేస్తారు. పర్యాయపదాలన్నీ ఒకటే అనుకునేవాళ్ళకి ఆ కాగితం చూపించాలి.

పరిగెత్తినప్పుడు డొక్కలో వచ్చే పోటుని "స్టిచ్" అంటారు. కుట్టు అని కూడా అదే మాట. పాత ఇంగ్లీషులో దానర్థం పోటు, గుచ్చు.

హార్ట్ స్ట్రోక్ అనొచ్చా?

అనకూడదు, అయినా అందరం అంటాం. గుండెపోటు అంటే హార్ట్ ఎటాక్. స్ట్రోక్ అంటే మెదడుకి సంబంధించింది, మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోవడమో, అక్కడ రక్తనాళం చిట్లడమో. పక్షవాతం దాని ఫలితాల్లో ఒకటి. ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం, హార్ట్ ఎటాక్ అనుకుని గుండె డాక్టర్ కోసం వెతుకుతూ మెదడుకి సంబంధించిన విలువైన సమయం పోగొట్టుకోకూడదు.

మాట సంగతికొస్తే, స్ట్రోక్ అంటే దెబ్బ, స్ట్రైక్‌కి సొంత చెల్లెలు. వడదెబ్బని వాళ్ళు సన్‌స్ట్రోక్ అంటారు, అచ్చం మనలాగే. పిల్లిని ప్రేమగా నిమరడం కూడా స్ట్రోకే కావడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. పాత ఇంగ్లీషులో స్ట్రైక్‌కి కూడా పైపైన నిమరడం, సాగిపోవడం అనే మెత్తటి అర్థాలే ఉండేవి, దెబ్బ తర్వాత వచ్చి చేరింది.

సమ్మెని స్ట్రైక్ అని ఎందుకంటారు? ఎవరిని కొట్టారని?

ఎవరినీ కొట్టలేదు. ఓడ తెరచాపని కిందికి దించడాన్ని నావికుల భాషలో స్ట్రైక్ అంటారు. 1768లో లండన్ రేవులో నావికులు తమ కోర్కెల కోసం ఓడల తెరచాపలు దించేశారు, ఓడలు కదలలేదు. పని ఆపేయడానికి ఆ మాట అలా స్థిరపడిపోయింది.

ఆటల్లో ఇంకా గందరగోళం. క్రికెట్‌లో స్ట్రైక్ అంటే బంతిని ఎదుర్కొనే వంతు, బౌలింగ్ ఆలీలో ఒకే బంతికి పది పిన్నులూ పడగొట్టడం, బేస్‌బాల్‌లో మాత్రం బ్యాటు ఊపి బంతి తగలకపోయినా స్ట్రైకే. కొట్టకపోవడాన్ని కూడా కొట్టడం అన్న ఘనత ఆ ఆటదే.

బ్యాటర్, బ్యాటరీ, బ్యాటిల్: ఇవన్నీ చుట్టాలా?

చుట్టాలే. కొట్టడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి క్రియ నుంచి వచ్చాయి. "బ్యాటర్" క్రియగా అయితే చితకబాదడం, నామవాచకంగా అయితే గిలక్కొట్టిన పిండి. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ బదులు బ్యాటర్ అని వాడాలని, ఆ ఆట నియమాలు రాసే ఎంసీసీ క్లబ్ 2021లో మార్చింది. డిబేట్, కాంబాట్ కూడా ఇదే గుంపు. బ్యాటరీ మొదట కొట్టడం, తర్వాత కోటగోడలని కొట్టే ఫిరంగుల వరస. 1740ల చివర్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తు నింపిన గాజు పలకలని వరసగా కలిపి, ఆ ఫిరంగుల వరస పోలికతో బ్యాటరీ అన్నాడు. మీ ఫోన్‌లో ఉన్నది ఆ మాటే.

చట్టం భాషలో బ్యాటరీకి ఇప్పటికీ పాత అర్థమే. ఇంగ్లీషు చట్ట సంప్రదాయంలో కొడతానని మీదికొచ్చి భయపెట్టడం "అసాల్ట్", నిజంగా చెయ్యి తగిలించడం "బ్యాటరీ". రెండూ ఒకటనుకుని అనువాదం చేస్తే కేసు స్వరూపమే మారిపోతుంది.

మాటలతో పొడవడానికి ఏమంటారు?

ఇందులో మనమే గొప్పవాళ్ళం: ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, సూటిపోటి మాటలు. ఇంగ్లీషులో చిన్న ఎత్తిపొడుపుని "డిగ్" అంటారు, కాస్త వెటకారంగా ఉంటే "జైబ్". అదేపనిగా గుచ్చుతూ ఉంటే "నీడిల్", సూది పేరే క్రియ అయింది. వెన్నుపోటుకి అచ్చుగుద్దినట్టు "బ్యాక్‌స్టాబింగ్" ఉంది. "పోక్ ఫన్" అంటే ఆటపట్టించడం, పగ ఉండదు. ఇతరుల విషయాల్లో మనం వేలు పెడతాం, వాళ్ళు ముక్కు పెడతారు, పోక్ చేసేది ముక్కునే.

నాకు ఇష్టమైన జత ఒకటుంది. ఉన్నట్టుండి ఆలోచన వస్తే వాళ్ళు "ఇట్ స్ట్రక్ మీ" అంటారు, మనం "తట్టింది" అంటాం. వాళ్ళకి దెబ్బ పడితేగానీ ఆలోచన రాదు, మనకి మెల్లగా తలుపు తట్టినట్టు వస్తుంది.

వీటిలో బూతులేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. ప్రిక్ క్రియగా ఏ ఇబ్బందీ లేదు, నామవాచకంగా మనిషిని అంటే పచ్చి తిట్టు. బ్యాంగ్‌కీ పోక్‌కీ కూడా కొన్ని సందర్భాల్లో చాటు అర్థాలున్నాయి. "నాక్ అప్" అంటే బ్రిటన్‌లో పాతకాలం వాళ్ళకి తలుపు కొట్టి నిద్ర లేపడం, అమెరికాలో కడుపు చేయడం. ఎవరినైనా పొద్దున్నే లేపుతానని చెప్పాలంటే హాయిగా "వేక్" అనండి.

పేకాట పోకర్‌కీ, పోక్‌కీ సంబంధం ఉందా?

కచ్చితంగా చెప్పలేం. పొయ్యిలో నిప్పులు కెలికే ఇనప చువ్వని పోకర్ అంటారు, అది పోక్ నుంచి వచ్చిందే. పేకాట పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తేలలేదు. చూడకుండా సరుకు కొనడాన్ని "పిగ్ ఇన్ ఎ పోక్" అంటారే, అక్కడ పోక్ అంటే సంచి, అది వేరే మాట. అందులో పందిని ఎవరూ పొడవడం లేదు.